సీసల రబ్బరు మొలక

మంథని, 1991

తమ్మీ,

ఇక్కడ అందరం మంచిగున్నం. నువ్వు కేరళ ల్యాబుల పెంచి తెచ్చిన రబ్బరు మొలక గూడ సీసల సల్లగున్నది, ఫికర్ చెయ్యకు. మా అత్తమ్మ పాపం మూత తీసి ఎండకు పెట్టబోతే ఎంత లొల్లి చేసినవు! గింజల పిండం ముదిరినంకనే మొలకెత్తియ్యాలె, వేరు గట్టిపడేదాక సీస దాటియ్యద్దు, తొందరపడితే పానం పోతదని ఇంటిల్లిపాదికి పాఠం చెప్పినవు.

మర్నాడు తెల్లారంగనే నా బిడ్డ ప్రమోదినిని నీకియ్యమని బాపుతోని అడిగిపిచ్చినవు. అక్క బిడ్డ మీద నీకు హక్కున్నదట! ముప్పై రెండేండ్ల సైంటిస్టువి, అది తొమ్మిదో తరగతి. ఇయ్యాల గూడ జడలెయ్యమని నా ముందట కూసున్నది.

లగ్గం మాట బంద్ చెయ్యి. నా బిడ్డను గూడ జర రబ్బరు మొలకే అనుకో.

నీ అక్క