ఆసుపత్రి బొమ్మలో పక్క మనిషి

రమణమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ప్రొద్దుటూరులో ఒక సంస్థవాళ్లు రాబోయే కాలపు వైద్యం మీద నివేదిక అచ్చు వేస్తున్నారు. రిటైరైన డ్రాయింగు మాస్టరునని బొమ్మలు నన్ను వేయమన్నారు. అట్ట మీదికి ఆసుపత్రి మంచం గీశాను. మంచం మీద నువ్వు, పక్కన స్టూలు మీద నీ చెయ్యి పట్టుకుని నేను. మన వైపు పక్క మనిషి లేకుండా జ్వరానికి కూడా ఎవరూ ఆసుపత్రికి పోరు కదా.

డిజైను చూసే సుధాకరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఈ ముసలాయన్ని తీసెయ్ మామా. రేపటి ఆసుపత్రిలో పక్క మనిషితో పనుండదు. అంతా మిషన్లే చూసుకుంటాయి."

"దప్పికైతే నీళ్లెవురు తాపుతారప్పా?"

"మిషను మోగుతాది మామా."

"మోగుతాది సరే, వచ్చేదెవురు?"

అతను నవ్వి బొమ్మను తన బల్ల మీద పెట్టుకున్నాడు.

అతని రేపు మనకు పోయినేడే వచ్చింది. జమ్మలమడుగు నుంచి నిన్ను ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి తెచ్చాక అద్దాల తలుపు అవతల నీ చుట్టూ మిషన్లు మోగుతూనే ఉన్నాయి. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ని, నీళ్ల చెంబు పట్టుకుని కాపలావాడి గడ్డం పట్టుకున్నాను. లోపలికి పోనియ్యలేదు.

బొమ్మ మార్చనని చెప్పి వచ్చేశాను. ఈ రోజు అచ్చైన నివేదిక పంపారు. కంప్యూటరులో నన్ను చెరిపేశారు, స్టూలునూ చెరిపేశారు. నీ చెయ్యిని సరిచేయడం మాత్రం వాళ్లకు రాలేదు. వేళ్లు ముడుచుకుని, ఎవరినో పట్టుకున్నట్టే గాలిలో ఉంది.