మొగలి కంపలో ఎర్ర కళ్ళు

1894 జూలై 2, సోమవారం

ఇవాళ కూడా గుడ్డు లేదు. ఇది నాలుగోసారి. రూతుకి రోజూ పచ్చిగుడ్డు పాలలో కొట్టి ఇమ్మని ఆసుపత్రి డ్రెస్సర్ గారు చెప్పారు. నా భార్య దగ్గులో రక్తం పడి నెలయింది. ఆ జబ్బు పేరు ఇక్కడ రాయను.

కోడి రేవువైపు మొగలి కంప కింద గుడ్లు పెడుతుంది. కంపకి అవతల మరిడమ్మ ఇల్లు. అనుమానించడం పాపమే. కానీ గుడ్డుకి కాళ్ళు రావు కదా.

జూలై 4

మరిడమ్మ చెయ్యి కంపలోకి దూరి ఉండగా కళ్ళారా చూశాను. ఎండుపుల్లల కోసమండీ మాస్టారూ అంది. మూడు రోజులుగా ముసురు, ఎండుపుల్లలట! బడిపిల్లలు వింటూండగానే దొంగ అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవాలి. ఆవిడ తడుముకోలేదు. దాంతో నా అనుమానం ఇంకా పెరిగింది.

జూలై 5

రూతు నాతో మాట్లాడలేదు. మరిడమ్మ రోజూ పంపే చేపలూ రాలేదు.

జూలై 7, ఉదయం ఏడు గంటలు

దొంగ దొరికింది. జెముడుకాకి.

ఒళ్ళంతా కాకినలుపు, రెక్కలు మాత్రం ఇటుక రంగు. ఎవరివో తెచ్చి తగిలించుకున్నట్టున్నాయి. తోక ఒంటికి మించిన పొడుగు. కళ్ళు నెత్తురు ముద్దలు. రెక్కలున్నా ఎగరడం తక్కువ. మునసబుగారిలా నేలమీద నడుస్తూ, ఆకులు తిరగేస్తూ, నత్తల్ని ఏరుకుంటూ వచ్చి, నా కళ్ళముందే గుడ్డుకి చిల్లు పొడిచింది. చప్పట్లు కొడితే తాపీగా కంపలోకి నడిచిపోయింది. లోపల్నించి గుప్, గుప్ అని కూత. ఇంకోటి రేవు పక్కనుంచి బదులిచ్చింది. జంట అన్నమాట.

మరిడమ్మే దీన్ని పెంచుతోందేమో అని కూడా అనిపించింది. నా బుద్ధి అలాంటిది.

జూలై 8, ఆదివారం

ధవళేశ్వరం నుంచి అత్తగారు దీనమ్మగారు వచ్చారు. జెముడుకాకి మాంసం వండి పెడితే ఎంత దగ్గైనా తగ్గుతుంది బాబూ అన్నారు. బాప్తిస్మంతోపాటే ఆ నమ్మకాలన్నీ వదిలేశాం అన్నాను, గట్టిగానే.

సాయంత్రం ఆవిడ కంప దగ్గర మరిడమ్మతో చాలాసేపు మాట్లాడారు. వీళ్ళిద్దరికీ మాటలేంటి?

జూలై 9

అత్తగారు చెబితే తెలిసింది. గోదారి వరదలో ఉన్నన్నాళ్ళూ మరిడమ్మ మొగుడు పల్లంరాజు పొద్దున్నే శకునంగా జెముడుకాకి కనపడితే గాని పడవ దింపడట. మరిడమ్మ ఆ రోజు చెయ్యి పెట్టింది దాని గూడు చూడ్డానికట. చెబితే పిల్లలు రాళ్ళేస్తారని పుల్లల మాట చెప్పిందట.

నిజమో, ఇద్దరూ కలిసి అల్లిందో.

జూలై 12

మళ్ళీ రక్తం. ఈసారి ఎక్కువ.

జూలై 14

రాత్రి కూర. కోడి అన్నారు అత్తగారు. మన కోడి గంప కిందే ఉంది, చూశాను. మాంసం నల్లగా ఉంది. రూతు గిన్నె ఊడ్చేసింది.

జూలై 15, ఆదివారం

రూతు రాత్రి దగ్గకుండా పడుకుంది.

పెరట్లో బూడిద కింద ఇటుక రంగు ఈక దొరికింది. అత్తగారు ఒప్పుకున్నారు. ఉచ్చు పన్ని పట్టి ఇచ్చింది మరిడమ్మట, మొగుడికి తెలియకుండా. నేను దొంగ అన్న మనిషి. క్షమాపణ చెబుదామని కంప దగ్గరికి వెళ్ళాను. అమ్మగారికి ఎలాగుందండీ అని తనే అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆరాధన అయ్యాక మిషన్ దొరగారిని అడిగాను, బైబిలు తినకూడదన్న పక్షుల్లో జెముడుకాకి ఉందా అని. కోకిల ఉంది, ఇది దానికి చుట్టమే అన్నారు. ఎందుకడిగావన్నారు. పిల్లలకి పాఠం అన్నాను.

జూలై 19

నాలుగు రాత్రులు ప్రశాంతంగా నిద్రపోయింది. ఇవాళ మళ్ళీ దగ్గు. అత్తగారు నావైపు చూశారు. నేను కసరలేదు.

జూలై 21, తెల్లవారుజామున

కంపలో ఒక్కటే కూస్తోంది. బదులు లేదు.

రేవులో పల్లంరాజు తెడ్డు పట్టుకుని మా కంపవైపే చూస్తున్నాడు, అది బయటికి వస్తే పడవ దింపుదామని. నేనూ కంపవైపే చూస్తున్నాను. మరిడమ్మ ఉచ్చు నా చేతిలో ఉంది.