ఎర్ర అక్షరాల సాక్ష్యం

14 జులై, ఆదివారం

ఎర్ర అక్షరాల్లో కనిపించినంత మాత్రాన అది నిజమవుతుందా? ఇది చదివేవాడివి ఎవడివైనా సరే, ముందు దీనికి జవాబు చెప్పు.

ఈరోజు మా నెల్లికుదురు ప్రార్థన మందిరంలో ముసలామె లక్ష్మీనర్సమ్మ పాడిన పాట వినిపిద్దామనుకున్నాం. గొంతు ఆపరేషన్ తర్వాత ఆమెకు మాట లేదు. ముక్కులో పైపు, అందులోంచే జావ. పోసేది రజిత. చుట్టం కాదు, మా సంఘంలో పిల్ల. ముసలామె గొంతు ఇక మిగిలింది పాత బటన్ ఫోన్ రికార్డింగ్‌లోనే. దాన్ని ఒక్కసారి వినాలని సైగలతో అడిగింది. హోరు తీసేసి వినిపించే ప్రోగ్రామ్ నేనే రాశాను. పాస్టర్‌నే గాని బైబిలు వాక్యం ఎవరి దగ్గరా చదువుకోలేదు, ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష కూడా అంతే.

రన్ కొట్టాను. ప్రొజెక్టర్ వెలుగులో గోడ మీద, అందరి ముందు, ఎర్రగా: ఫైల్ నాట్ ఫౌండ్.

సంఘపెద్ద ప్రేమ్‌చంద్ బిగ్గరగా చదివాడు. మొన్న జనగామలో నా లాప్‌టాప్‌కు విండోస్ మళ్లీ వేయించినప్పుడు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో దాచి తెచ్చింది రజిత. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

15 జులై

ఫోల్డర్‌లో ఫైల్ పేరు ఉంది. ప్లేయర్‌లో మోగదు. పాటను చెరిపేసి ఖాళీ పేరు మిగిల్చిందని ప్రేమ్‌చంద్ తేల్చేశాడు. రజిత ఏడవలేదు. నన్నే చూసింది.

"ఫైల్ ఉన్నదన్నా. నువ్వన్న చెప్పు."

నాకు తెలియదు, చెప్పలేదు. ప్రేమ్‌చంద్ చెప్పాడు.

"గంత పెద్దగ రాసున్నంక ఇంకేం సాక్ష్యం గావాలె? రాసి ఉన్నది అబద్ధమాడదని నువ్వే గద అన్నా చెప్పేది."

అవును. బల్ల గుద్ది మరీ చెప్పేది నేనే.

16 జులై

రజితను సంఘంలోంచి పంపేశాం. భూపాలపల్లి పోయింది, అక్క దగ్గరికి. బావకు చెల్పూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్ట్ పని.

18 జులై, మధ్యాహ్నం

పాట ఉంది. చెక్కుచెదరలేదు.

బటన్ ఫోన్ రికార్డింగ్‌ను విప్పి చదవడానికి ఇంకో చిన్న ప్రోగ్రామ్ కావాలి. విండోస్ మళ్లీ వేసినప్పుడు పోయింది అది. నా ప్రోగ్రామ్‌లో వాడుకున్న ఆడియో లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, దాన్ని వెతికి, దొరక్క, ఏది దొరకలేదో చెప్పకుండా ఫైల్ లేదని అరుస్తుంది. ప్రోగ్రామ్ వేశాను. లక్ష్మీనర్సమ్మ పాడింది.

అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది తొమ్మిదో ఆజ్ఞ. అదే గుర్తుచేస్తూ లైబ్రరీ రాసినవాళ్లకు నాకొచ్చిన ఇంగ్లిష్‌లో నిప్పులు కక్కాను. గంటలో జవాబు. తెలిసిన సంగతేనట, డాక్యుమెంటేషన్‌లో ఉందట. ఇష్యూ క్లోజ్డ్ అని నా ఫిర్యాదు మూసేశారు. కింద చూస్తే నాలాంటివాళ్లు ఏళ్ల తరబడి అదే మొత్తుకున్నారు. మార్చాల్సింది ఒక్క వాక్యం. ఎవడికీ తీరిక లేదు.

వాళ్లను తిట్టడం తేలిక. రజితను తెర వెళ్లగొట్టలేదు.

19 జులై

ప్రేమ్‌చంద్‌కు మొత్తం వివరించాను. విన్నాడు, మెడ గోక్కున్నాడు. ఇప్పుడు తప్పని ఒప్పుకుంటే సంఘం పరువేం కావాలన్నాడు. మెల్లగా చూద్దామట. ఆ పిల్లను పంపేటప్పుడు ఈ మెల్లగా ఎక్కడ పోయింది?

20 జులై, శనివారం

లక్ష్మీనర్సమ్మ ఇంటికి లాప్‌టాప్ తీసుకెళ్లి పాట పెట్టాను. చివరి చరణం దాకా కళ్లు మూసుకుని విన్నది. తర్వాత పైపు చూపించింది. వాకిలి చూపించింది. రజిత ఏదని.

రజిత పోయాక ప్రేమ్‌చంద్ భార్య పోసేది, నిన్నటి నుంచి ఎవరినీ జావ పోయనివ్వడం లేదు. ఆమె చేతిని తోసేసింది. నా చేతినీ తోసేసింది. జావ ఆగితే మనిషి దక్కదని దవాఖాన వాళ్లు ముందే చెప్పారు.

21 జులై, ఆదివారం, ఉదయం ఆరు

బలిపీఠం దగ్గర అర్పణ అక్కడే వదిలి, ముందు పోయి నొచ్చుకున్న సహోదరునితో సమాధానపడమని ఎందరికి బోధించాను!

ఈరోజు ప్రసంగం లేదు. మందిరానికి తాళం వేశాను. ప్రేమ్‌చంద్ ఇంటి గేటు కొట్టి అరిచాను, అదే మాట ఇక్కడా రాస్తున్నాను: లెయ్. చెప్పులేసుకో. భూపాలపల్లి బస్సెక్కు, రజితను తోలుకొద్దాం. పరువు తర్వాత చూసుకుందాం. ముసలామెకు రేపు లేదు. ఇయ్యాలనే, ఇప్పుడే.