కత్తి తెచ్చిన తాతకు మంచినీళ్లు

అసువాసే పోలీస్ స్టేషన్

అక్రా శిక్షణ విభాగం సూపరింటెండెంట్ అరబా తాండో మేడమ్ గారికి ఇన్‌స్పెక్టర్ అంపోన్సెమ్ నమస్కారాలు.

మీరు, మీ వారు, పిల్లలు, మీ అమ్మగారి మోకాలు అంతా కులాసా అని తలుస్తాను. హర్మటాన్ గాలి దుమ్ము తప్పితే ఇక్కడ అందరం బాగున్నాం. మీరు పంపిన శిక్షణ యంత్రం చేరింది. కళ్లకు తగిలించుకుంటే అచ్చం మన స్టేషన్ లాంటి గది కనిపిస్తోంది, అందులోకి కత్తి పట్టుకుని అరుస్తూ వచ్చే ముసలాయన నిజంగా ఉన్నట్టే ఉన్నాడు. కానిస్టేబుల్ ఫ్రెమా అయితే ఆయన కోసం కుర్చీ లాగింది. ఈ పరీక్ష గట్టెక్కితేనే ఆ పిల్లకు ప్రమోషనై చొక్కా మీద కార్పొరల్ చారలు వస్తాయి కాబట్టి తెగ సాధన చేస్తోంది.

ఇట్లు మీ విధేయుడు,
అంపోన్సెమ్

తా.క.: ముసలాయన మంచినీళ్లు పుచ్చుకోవడం లేదు. యంత్రం చెడిందేమో చూడగలరు.

---

ఇన్‌స్పెక్టర్ అంపోన్సెమ్‌కు,

మీ ఉత్తరంలో పని సంగతి వెతుక్కోవాల్సి వచ్చింది. యంత్రం చెడలేదు. దాని మార్కులు అదే ఇక్కడికి పంపుతుంది. మీ వాళ్లంతా తప్పారు. మొదటి మాటే "కత్తి కింద పెట్టు" అయి ఉండాలి. మీ ఫ్రెమా ఆయన ఇంటి క్షేమం, కోకో తోట, మనవళ్ల చదువు అడిగి, వచ్చిన పనేమిటో విచారించేలోపే ఆయన కత్తి విసిరాడు. ఇలాగైతే ఆమెకు ఈ ఏడు చారలు రావు.

తాండో

తా.క.: ఆయన బొమ్మ. నీళ్లు తాగడు.

---

మేడమ్ గారికి నమస్కారాలు. అమ్మగారి మోకాలికి షియా గింజల వెన్న రాస్తున్నారా?

మీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. ఫ్రెమా ఏడుపు ముఖం పెట్టి, "సార్, ఆయన మా తాతకన్నా పెద్దోడు. నీళ్లియ్యకుండా పనెట్టా అడిగేది? మా అమ్మకు తెలిస్తే ఇంట్లోకి రానిస్తదా?" అంది. సార్జెంట్ బాదూ మాత్రం గుండె రాయి చేసుకుని ఆజ్ఞ ఇచ్చాడు. ముసలాయన బుద్ధిగా కత్తి అందించాడు, కానీ ఎడమ చేత్తో. "పెద్దోరు, ఎడమ చేత్తో ఇస్తారా? కుడి చేత్తో ఇయ్యండి" అన్నాడు బాదూ. ఆయన కత్తి కుడి చేతికి మార్చుకున్నాడు. యంత్రం 'అధికారి మృతి' అని రాసుకుంది.

ఇట్లు,
అంపోన్సెమ్

తా.క.: ఈ ఉదయం మీ సంక్షేమ విభాగం నుంచి సంతాపం తెలుపుతూ పూలదండ వచ్చింది. బాదూయే సంతకం చేసి తీసుకున్నాడు. పూలు తాజాగా ఉన్నాయన్నాడు.

---

ఇన్‌స్పెక్టర్ అంపోన్సెమ్‌కు,

ఇక లాభం లేదు. శుక్రవారం నేనే వస్తున్నాను. ముందు నేను చేసి చూపిస్తాను, తర్వాత ఫ్రెమా చేస్తుంది. అదే ఆమెకు ఆఖరి అవకాశం. ఇంకోసారి తప్పితే చారల మాట మరిచిపొమ్మనండి.

తాండో

తా.క.: బాదూ బతికే ఉన్నాడని సంక్షేమ విభాగానికి బాదూ చేతే రాయించండి. నా మాట నమ్మడం లేదు. అంత్యక్రియలకు వచ్చేవాళ్లు కట్టాల్సింది ఎర్రబట్టలా నల్లబట్టలా అని అడుగుతున్నారు.

---

ఇన్‌స్పెక్టర్ అంపోన్సెమ్ గారికి తాండో నమస్కారాలు.

మీ ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను. మా అమ్మ మోకాలు నయం. మీ ఆవిడ పెట్టిన ఫుఫు ముద్దలు, పులుసు ఇంకా నా నాలుక మీదే ఉన్నాయి.

శుక్రవారం జరిగింది మీరు మర్యాద కొద్దీ ఎవరికీ చెప్పలేదట. ఇక్కడ నేనే చెప్పేశాను. ముసలాయన అరుస్తూ మీదికి రాగానే, నేర్పడానికి వచ్చిన మాట నా నోట రాలేదు. టోపీ తీసి, "తాతా, ఎవరు మీ మనసు కష్టపెట్టింది? ముందు కూర్చోండి" అన్నాను. యంత్రం నన్నూ చంపేసింది. నవ్వని మనిషి ఫ్రెమా ఒక్కతే.

ఫ్రెమా చేత చేయించకుండానే వెనక్కి బయల్దేరి, దారంతా ఆలోచించాను. తాగి కత్తి పట్టినవాళ్లను నా ఉద్యోగంలో ఎందరినో చూశాను. ప్రతిసారీ ముందు వాళ్ల అమ్మ ఎలా ఉందనే అడిగాను. ఒక్కరూ నన్ను పొడవలేదు. మన మనిషికి కోపం ఎలా దిగుతుందో ఆ యంత్రానికి ఎవరూ చెప్పలేదు. అది నేర్చుకునేదాకా దాని మార్కులు చెల్లవని పైవాళ్లను ఒప్పించాను. ఫ్రెమా చారలు ఈ కవరులోనే ఉన్నాయి. ఆ పిల్లను చూస్తే నాకు గర్వంగా ఉందని చెప్పండి.

మీ,
అరబా తాండో

తా.క.: యంత్రానికి మన పద్ధతులు నేర్పడానికి ఒక పెద్దమనిషిని పంపమని దాన్ని తయారు చేసినవాళ్లు అడిగారు. మా నాన్నను పంపాను. వెళ్లి వారమైంది. ఇంకా ఆ ఆఫీసులో ఒక్కొక్కరి కుటుంబక్షేమమే అడుగుతున్నాడట.