మూత తీయని గాదె

మల్లవీ

ప్రియమైన ఫెబ్రోనియా,

ఒక్క మాటకు జవాబు చెప్పు. ఆసుపత్రి కంప్యూటర్లోని వివరాలకు రోజూ నకలు తీసి దాచిపెడుతున్నానంటావే, ఆ నకళ్లలో ఒక్కటైనా ఎప్పుడైనా తెరిచి చూశావా?

మొన్న ఆదివారం గుడి కూటంలో యోసేపు కథ ప్రసంగిస్తూ గంటసేపు నిప్పులు కురిపించాను. కరవు రాకముందే మన ఐగుప్తుకు ధాన్యం దాచాడాయన, మీరేం దాచారు సోమరులారా అని అరిచాను. ముందు బెంచీలోంచి మీ తఫీదా పిన్ని లేచింది. "దాచాడు సరే బావా, మధ్యలో మూత తీసి చూశాడా? ముందు మీ ఇంటి గాదె చూసుకో!" అందరూ ఒకటే నవ్వు. ఇంటికొచ్చి మూత తీస్తే గోధుమల నిండా పురుగే. ప్రభువు నా నోరు అలా మూయించాడు.

పిన్ని వారానికి మూడుసార్లు రక్తశుద్ధికి, అదే డయాలసిస్‌కి, వచ్చేది మీ మిన్యా ఆసుపత్రికే. పెన్సిలిన్ పడితే ఆమెకు ఊపిరాడదు. ఆ సంగతి మీ కంప్యూటర్లో భద్రంగా ఉందన్నావు. అందుకే అడుగుతున్నాను. రొట్టెలతోపాటు ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను.

నీ బాబా,
లబీబ్

మిన్యా

ప్రియమైన బాబాకు,

రొట్టెలు అందాయి. పిన్ని దారిలోనే రెండు తినేసి, తినలేదని ఒట్టేస్తోంది.

ఆసుపత్రి డేటాబేస్ మట్టిగాదె కాదు బాబా. పొద్దున నేను వచ్చేసరికి, నకలు పూర్తయిందని తెర మీద ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. తెరిచి చూడాలంటే ఇంకో మెషీను కావాలి, ఒక పూట పోతుంది. మా కంప్యూటర్ విభాగం పెద్దాయన షౌకీ "నీకేం పని లేదా అమ్మాయ్?" అంటాడు. నన్నూ పాపుల వరసలో నిలబెట్టకండి.

మీ ఫెబ్రోనియా

మల్లవీ

ఫెబ్రోనియా తల్లీ,

ఆకుపచ్చ గుర్తా? మన గాదె మీద మీ అమ్మ సిలువ గుర్తే వేసింది! పురుగు దానికి దండం పెట్టి వెళ్లిపోలేదు. అలిగావా? అలుగు. తెరిచి చూసి అలుగు.

బాబా

మిన్యా

ప్రియమైన బాబాకు,

నెల రోజులు జవాబివ్వనందుకు క్షమించండి. ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను, పిన్ని మా వార్డులో ఉంది కనుక. భయపడకండి, గండం గడిచింది.

మీదే తప్పని చూపించాలన్న కోపంతో పాత మెషీనొకటి అడిగి తెచ్చి నకలు తెరిచాను. రోగుల పేర్లున్నాయి. ఎవరికి ఏ మందు పడదో రాసిన పట్టిక మాత్రం ఖాళీ. ఎండాకాలం ముందు దాన్ని కొత్త డిస్కులోకి మార్చింది నేనే. నకలు తీసే జాబితాలో ఆ కొత్త చోటు చేర్చడం మరిచాను. పాత చోట ఏమీ లేకపోయినా ఆకుపచ్చ గుర్తు రోజూ వెలుగుతూనే ఉంది. షౌకీ తిట్టలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. సరిచేసి, మళ్లీ తెరిచి చూశాం.

మంగళవారం అసలు డిస్కే పాడైపోయింది. నకలులోంచి అంతా తిరిగి ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడే పిన్నిని జ్వరంతో మోసుకొచ్చారు, నోట మాట లేదు. కొత్త డాక్టరు మందు రాయబోతూ తెర వైపు చూశాడు. ఆమె పేరు పక్కన ఎర్రగా ఉంది: పెన్సిలిన్ ఇవ్వరాదు.

నిన్న కళ్లు తెరిచి పిన్ని అడిగిన మొదటి మాట: "మీ బాబా గాదె కడిగాడా లేదా?"

మీ ఫెబ్రోనియా

తా.క. మీ కూతుర్ని కదా, నేనూ కాస్త ప్రసంగిస్తాను. ఊరి బాప్తిస్మాల పుస్తకానికి నకలు రాసి పెట్టెలో పెట్టానంటారు. పదేళ్లలో ఆ పెట్టె తెరిచారా? చెమ్మ గోడ పక్కనే ఉంది బాబా. ఆదివారం దాకా ఆగకండి. ఉత్తరం కింద పెట్టి చెప్పులు వేసుకోండి. ఈరోజే తెరవండి.