ఏడు మూటలు పట్టని సంచి

తమ్ముడు కుర్మయ్యా, ఫోన్‌ల అయితే నోటికొచ్చినట్టు తిడుత, అందుకే రాస్తున్న.

పెద్దక్క బిడ్డ కాన్పుకు రమ్మని పిలిచి, ఎంటనే కుక్కరు, దుప్పట్లు తెమ్మంటవా? సిగ్గనిపిస్తలేదా? పెద్దక్క పానం మీదికొచ్చి నేను బయలెల్లిన నాడు, ఈ బొంబాయి కామాటిపుర కిరాయి అర్రల చాల్‌లున్న మనోళ్లంత ఊరికి మూటలిచ్చిండ్రు. కాదనొద్దని చెప్పింది నువ్వే. దాదర్ టేషన్‌ల ఏడు మూటలెక్కించేసరికి బండి కదిలింది. మూటలు బండితోని పోయినయ్, నేనెక్కలే. మర్నాటి బండికొచ్చేసరికి అక్కను మట్టి చేసిండ్రు.

ఇప్పుడు పాత రెగ్జిన్‌తోని నేనే చిన్న సంచి కుట్టుకున్న. రెండు చీరలు, టికెట్టు పడతయ్. కుక్కరు దూరొద్దనే మూతి ఇరుకుగ పెట్టిన. పట్టీ భుజానికి బిగ్గ కూసుంటది. నిన్న అదేసుకొని చాల్ మెట్లు మూడుసార్లు ఉరికి చూసిన.

ఈసారి బండి కదిలినా ఎక్కుత.

నీ చిన్నక్క