కైమా అన్న నోరు

నవంబరు 9, ఆదివారం

గొంతు బొంగురుపోయింది. పెనుకొండలో పదిహేడేళ్లలోపు ఆడపిల్లల కబడ్డీ పోటీలు. పొద్దున్నుంచీ మైకు నా చేతిలోనే. బడిలో తెలుగు చెప్పేవాడికి మాటలకు కరువుండదని ఏటా నన్నే పిలుస్తారు.

ఫైనల్లో ధర్మవరం వైపు నుంచి వచ్చిన ఒక అకాడమీకి అరవై ఒకటి. చెన్నేకొత్తపల్లి అవతల ఒక పల్లె బడికి నాలుగు. జనం ఈలలు. నాకూ ఊపొచ్చింది. చిత్తు చిత్తు... ఊచకోత... ఉతికి ఆరేశారు... చివర్లో "కైమా కొట్టేశారు!" అన్నాను. గ్రౌండంతా నవ్వింది. ఓడిన పిల్లలు కూడా నవ్వారు, ఏం చేయాలో తెలియక.

పోటీలు పెట్టిన రెడ్డెప్ప శాలువా కప్పాడు. "ఏమబ్బా, ఆట కన్నా నీ మాటే బాగుండాది."

ఒక్కటి రాయకుండా ఈ పేజీ తిప్పలేను. అకాడమీ జట్టులో ఏడో నంబరు — మమత. హిందూపురంలో నా దగ్గరే పదో తరగతి చదివింది, నాలుగేళ్ల కిందట. ఇప్పుడు పంతొమ్మిది దాటి ఉంటాయి. రెండో రైడ్‌కే గుర్తుపట్టాను.

గుర్తుపట్టాక కూడా అరిచాను.

నవంబరు 10

స్టాఫ్‌రూమ్‌లో అందరి ఫోన్లలోనూ నేనే. ఆ కైమా ముక్క ఒక్కటే కత్తిరించి, వెనక డప్పు కలిపి వదిలారు. "సార్, ఇంగొగసారి అనండి సార్" అని లెక్కల మాస్టరు. అన్నాను.

ఛీ.

నవంబరు 12

ఖాళీ పీరియడ్‌లో గెలుపు మాటలన్నీ ఒక కాగితం మీద రాసి చూసుకున్నాను. ఊచకోత. చీల్చి చెండాడటం. తొక్కి నార తీయడం. మట్టి కరిపించడం. సగం కసాయి కొట్టులో మాటలు, మిగతా సగం వీధి కొట్లాటలో మాటలు. ఆట మాట ఒక్కటీ లేదు. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు భాష చెబుతున్నాను, నా నోట్లో ఉన్నది ఇది.

ఆ నాలుగు పాయింట్లు ఎవరు తెచ్చారో మైకులో చెప్పనేలేదు.

నవంబరు 14

ఎవరు తెచ్చారో ఇవాళ తెలిసింది. ఆ పల్లె బడి పీఈటీ మేడమ్ ఫోన్ చేశారు. కెప్టెన్ గంగరత్న. నాలుగూ ఆ పిల్లవే. సోమవారం నుంచి బడికి రావడం లేదట. "ఊర్లో పిల్లోల్లు కైమా, కైమా అని పిలుస్తాండారు సార్. వాళ్ల నాయన ఇంగ ఆటకు పంపనంటాండాడు."

 వాళ్ల ఊరికి దారి అడిగి రాసుకున్నాను.

నవంబరు 16, ఆదివారం

వెళ్లాను. చెన్నేకొత్తపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. గంగరత్న నాయన గొర్రెలను తోలుకొని బయల్దేరుతున్నాడు. నన్ను చూసి ఆగాడు. పలకరించగానే గొంతు విని గుర్తుపట్టాడు, మొహం చూసి కాదు.

"నువ్వేనా సార్ ఆ మైకులో?"

తప్పయిందన్నాను. తోలబోయిన గొర్రెలను మళ్లీ దొడ్లోకి మళ్లించాడు.

"మేం గొర్రెను కోసేటప్పుడు గూడా నవ్వం సార్."

కూర్చోమని మంచం వాల్చాడు. నీళ్లిచ్చాడు. అది ఇంకా కష్టంగా ఉంది. అప్పుడు మమత వయసు సంగతి చెప్పేశాను. మనసు తేలికవుతుందనుకున్నాను. గుమ్మంలో నిలబడి గంగరత్న అంతా వింటోంది.

"ఆ యక్కకు వయసెక్కువని మీకు ఆ పొద్దే తెల్సా సార్?"

తెలుసన్నాను.

"తెల్సీ అరిసినారా?"

లోపలికి వెళ్లిపోయింది. వాళ్ల నాయన ఒక్కటే అడిగాడు — "ఆ మాట కాయితం మీద రాసిస్తావా సార్?"

నవంబరు 18

ఈ నెల ఇరవై నాలుగున రాష్ట్ర జట్టు ఎంపిక. ఫిర్యాదు ఉంటే ఈలోపే ఇవ్వాలి. బడి అయ్యాక పెనుకొండ వెళ్లి రెడ్డెప్పను కలిశాను.

"గెల్సినోళ్లు గెల్సినారు. నువ్వేమన్నా రెఫరీవా?" నవ్వుతూనే అన్నాడు. టీ తెప్పించాడు. "రాసియ్యి, వద్దనను. వచ్చే ఏడు మైకు ఎవురి చేతికి పోతాదో అది గూడా ఆలోచన చేసుకో."

టీ తాగాను. ఎందుకు తాగానో.

నవంబరు 19

సాయంత్రం మమత ఇంటికి వచ్చింది. రెడ్డెప్ప చెప్పి ఉంటాడు. కాళ్లకు మొక్కింది, వద్దన్నా వినలేదు. నా భార్య సుధ కాఫీ ఇచ్చి, మా ఇద్దరినీ చూసి, లోపలికి వెళ్లింది.

"పుట్టిన తేదీ అకాడమీవాళ్లే మార్పించినారు సార్. ఒప్పుకోకుంటే ఆడించేది లేదన్నారు. నాకు ఆట దప్ప ఏమొస్తాది?"

కాఫీ గ్లాసు దాని వైపు జరిపాను.

"బడిలో ఒక్క పొద్దన్నా మీరు నన్ను మెచ్చుకోలే సార్. ఆ పొద్దు మైకులో నా పేరు అన్నిసార్లు చెప్తాంటే మాయమ్మ ఏడ్సింది."

కాఫీ ముట్టుకోలేదు. మమత వెళ్లాక సుధ అడిగింది — "ఏం చేస్తారు?"

నవంబరు 20

రాశాను. చింపాను.

నవంబరు 21

మళ్లీ రాశాను. మూడే వాక్యాలు. మమత ఏ సంవత్సరం నా దగ్గర పదో తరగతి చదివిందో, ఆ రోజు ఆమెను చూసీ నేను నోరు మూసుకున్నానని, ఆ ఆటను గెలుపుగా లెక్కించకూడదని. తేదీ మార్పించింది అకాడమీవాళ్లేనని కలపబోయాను. నేను చూసింది కాదు, మమత చెప్పింది. రాస్తే మమతే తప్పు ఒప్పుకున్నట్టవుతుంది. రాయకపోతే తప్పంతా దాని మీదే పడుతుంది. రాయలేదు.

సెలవు పెట్టి పెనుకొండలో రెడ్డెప్ప చేతికే ఇచ్చాను. చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. అందినట్టు సంతకం అడిగితే, "చూస్తాంలేప్పా." నకలు ఒకటి జిల్లా పోటీల కమిటీకి పోస్టులో పంపి, బస్సెక్కాను.

మంచి పని చేసినట్టు లేదు. నాలుగేళ్ల కిందట బడిలో మెచ్చుకోని పిల్ల పేరు, ఇప్పుడు ఫిర్యాదులో రాశాను.

నవంబరు 22

గంగరత్న ఇవాళ బడికి వచ్చిందని పీఈటీ మేడమ్ చెప్పారు. గ్రౌండు వైపు మాత్రం పోలేదట.

మధ్యాహ్నం మమత ఫోన్. ఎత్తడానికి భయం. ఎత్తాను.

"ఇచ్చినారా సార్?"

"ఇచ్చాను."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఫోన్ పెట్టేయనూ లేదు.

"ఆ గంగరత్న వాళ్లూరికి బస్సు యాడెక్కాల సార్?"

చెప్పాను. చెన్నేకొత్తపల్లిలో దిగి ఆటో ఎక్కమని కూడా చెప్పాను. ఎందుకని అడిగేలోపే పెట్టేసింది.

మమత అక్కడికి పోయేది పోట్లాడటానికో, తప్పయిందనడానికో తెలియదు. పీఈటీ మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాలా, వద్దా...